మూడో నంబరు అంటే వెనక్కి: స్నేహితుడితో గైరోప్లేన్‌లో పెర్త్ నుంచి అడిలైడ్‌కు
(విశాఖపట్నంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

చిన్నప్పుడు తాటాకు పంకా చేసుకుని ఆడే ఉంటారు. రెండు తాటాకు ముక్కలు, మధ్యలో గుచ్చడానికి ఒక తుమ్మముల్లు, పట్టుకోవడానికి ఒక పుల్ల. పట్టుకుని పరిగెత్తితే గిర్రున తిరుగుతుంది, ఆగితే ఆగిపోతుంది. ఎదురొచ్చే గాలే దాన్ని తిప్పుతుంది. గైరోప్లేన్ ఆ పంకాకి దగ్గరి చుట్టం.

చూడటానికి హెలికాప్టర్‌లా ఉంటుంది కానీ పని తీరు వేరు. హెలికాప్టర్‌లో పైనున్న రోటర్‌ని, అంటే పెద్ద రెక్కల చక్రాన్ని, ఇంజిన్ తిప్పుతుంది. గైరోప్లేన్‌లో ఇంజిన్ పని వెనకున్న ప్రొపెల్లర్‌ని తిప్పి బండిని ముందుకు తొయ్యడమే. పైనున్న రోటర్ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. బండి ముందుకు పోతుంటే గాలి కింది నుంచి పైకి రోటర్ గుండా దూసుకుపోతూ దాన్ని తిప్పుతుంది. రన్‌వే మీద బయల్దేరేటప్పుడు మాత్రం నిమిషానికి 200 చుట్ల దాకా ఇంజిన్‌తో తిప్పి వదిలేస్తాం. ఆ తర్వాత అంతా గాలి పనే. అందుకే గాల్లో ఇంజిన్ ఆగిపోయినా రోటర్ ఆగదు. కిందికి దిగుతున్నంతసేపూ గాలి తగులుతూనే ఉంటుంది, రోటర్ తిరుగుతూనే ఉంటుంది. హెలికాప్టర్‌లా గాల్లో ఒకే చోట నిలబడటం మాత్రం దీనికి రాదు.

దీన్ని కనిపెట్టింది హువాన్ డి లా సియెర్వా అనే స్పెయిన్ ఇంజినీరు. 1919లో ఆయన కట్టిన మూడు ఇంజిన్ల విమానం తక్కువ ఎత్తులో వేగం తగ్గి, స్టాల్ అయి, అంటే రెక్కలు పైకి లేపే బలం కోల్పోయి, కూలిపోయింది. వేగం తగ్గినా పడిపోని విమానం కట్టలేమా అన్న పట్టుదల అక్కడ మొదలైంది. తొలి ప్రయత్నాల్లో బండి ఒక పక్కకి ఒరిగిపోయేది. ముందుకు వెళ్లే రెక్కకి గాలి ఎక్కువ, వెనక్కి వచ్చే రెక్కకి తక్కువ కావడం దానికి కారణం. రెక్కల మొదట్లో కీలు పెట్టి, అవి పైకీ కిందికీ ఆడేలా చేశాక ఆ సమస్య తీరింది. 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర గెటాఫేలో అది ఎగిరింది. 1928 సెప్టెంబరులో ఆయన దాన్ని ఇంగ్లిష్ చానల్ దాటించి లండన్ నుంచి పారిస్ తీసుకెళ్లారు. ఆ కీలు ఆలోచనే తర్వాత హెలికాప్టర్లకీ దారి చూపింది. బీచ్ రోడ్డులో హెలికాప్టర్ మ్యూజియం చూసినప్పుడల్లా నాకు సియెర్వానే గుర్తొస్తారు.

ఇక మా ప్రయాణం సంగతి. నేనూ మా స్నేహితుడూ పోర్టు క్వార్టర్స్‌లో పక్కపక్క ఇళ్లలో పెరిగాం. ఒకే బడి, ఒకే కాలేజీ. వాడు గనుల ఉద్యోగం మీద ఆస్ట్రేలియా వెళ్లి పెర్త్‌లో స్థిరపడ్డాడు. అక్కడ గైరోప్లేన్ నేర్చుకుని, రెండు సీట్ల బండి ఒకటి కొన్నాడు. మూడేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా నేనూ అక్కడికెళ్లి నేర్చుకున్నాను. వచ్చే సెప్టెంబరులో ఇద్దరం పెర్త్ దగ్గర నుంచి అడిలైడ్ దాకా వెళ్లాలనుకుంటున్నాం. రోడ్డు లెక్కన సుమారు 2,700 కిలోమీటర్లు. మధ్యలో నల్లార్‌బోర్ మైదానం ఉంది. లాటిన్‌లో ఆ పేరుకి అర్థం చెట్టు లేనిది అని.

మన ఊళ్లోనే ఎందుకు ఎగరకూడదని చాలామంది అడిగారు. విశాఖ గగనతలం ఐఎన్‌ఎస్ డేగా నౌకాదళ స్థావరం చూసుకునేది. భీమిలి తీరం పైనుంచి సరదాగా ఒక చుట్టు కొట్టొద్దామంటే కుదిరేది కాదు, కుదరకూడదు కూడా. ఇంకో కారణం పెట్రోల్. మా బండికి ఉన్న రోటాక్స్ ఇంజిన్‌కి 10 శాతం ఇథనాల్ దాకానే అనుమతి. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం కలిపినది.

ప్లాన్ అంటే మ్యాపు మీద గీత గీయడమని మొదట్లో నేనూ అనుకున్నాను. కూర్చుని చూస్తే అది బరువుల లెక్క. బండి గరిష్ఠ బరువు 500 కిలోలు, ఖాళీ బండి 270. హెల్మెట్లు, జాకెట్లతో సహా మేమిద్దరం 155. మిగిలింది 75 కిలోలు. అందులో 65 లీటర్ల పెట్రోల్ పోస్తే దగ్గర దగ్గర 47 కిలోలు. ఇంకా మిగిలేది 28. ఎడారిలో దిగాల్సి వస్తే ఇద్దరికీ కలిపి కనీసం 10 లీటర్ల నీళ్లు ఉండాలన్నది మా పట్టు. మిగిలిన 18లో పనిముట్లు, ఇంజిన్ ఆయిల్, రాత్రి గాలికి బండి కదలకుండా కట్టే తాళ్లు, మేకులు, మందుల పెట్టె, ప్రమాదంలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్. అన్నీ పోను మనిషికి నాలుగున్నర కిలోల సామాను. అందులోనే బట్టలు, చార్జర్లు. అమ్మ ఇస్తానన్న ఆవకాయ సీసాని కూడా తూకం వేసి చూశాం. పావు కిలోకి ఒప్పుకున్నాం.

తర్వాత దూరం. గంటకి 18 లీటర్లు తాగుతుంది కాబట్టి 65 లీటర్లు మూడున్నర గంటలకి వస్తాయి. ఒక గంటకి సరిపడా పెట్రోల్ ఎప్పటికీ ముట్టుకోకూడదు. మిగిలేది రెండున్నర గంటల పైచిలుకు. గాలి లేకపోతే గంటకి 120 చొప్పున 300 కిలోమీటర్లు దాటి వెళ్లొచ్చు. 35 కిలోమీటర్ల ఎదురుగాలి వస్తే అదే పెట్రోల్‌తో 220 దాటం. మా దారిలోని మజిలీలు చూస్తే, నార్స్‌మన్ నుంచి బల్లడోనియాకి సుమారు 190 కిలోమీటర్లు. అక్కడి నుంచి కైగునాకి 180, అందులో ఒక్క మలుపు కూడా లేని రోడ్డు 146 కిలోమీటర్లు. కాగితం మీద అన్నీ సరిపోతున్నాయి. కానీ సరిపోవడానికీ చాలకపోవడానికీ మధ్య తేడా ఒక్క గాలే. చలికాలంలోనూ, అక్కడ వసంతం మొదలయ్యే సెప్టెంబరులోనూ పడమటి గాలులు ఎక్కువ. అందుకే పెర్త్ నుంచి తూర్పుకి వెళ్తున్నాం. ఎండాకాలంలో అక్కడ 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి కాబట్టి దాని ఊసే ఎత్తలేదు.

అక్కడి రోడ్‌హౌస్ అంటే మన దాబా, బంకు, లాడ్జి కలిపి ఒకే చోట ఉన్నట్టు. మా ఇంజిన్‌కి 95 ఆక్టేన్ పెట్రోల్ కావాలి. మారుమూల చాలా చోట్ల 91, డీజిల్ మాత్రమే దొరుకుతాయి. విమానాలకి వాడే ఆవ్‌గ్యాస్ కూడా సరిపోతుంది కానీ అందులో సీసం ఉంటుంది, ఆయిల్ త్వరగా మార్చాలి. అందుకని మా వాడు దారిలో ఉన్న ఒక్కో రోడ్‌హౌస్‌కి ఫోన్ చేసి ఏ పెట్రోల్ ఉంది, ఎన్ని గంటల దాకా పోస్తారు అని అడిగి రాస్తున్నాడు. గంటల విషయం చిన్నదేం కాదు. పెర్త్ మనకంటే రెండున్నర గంటలు ముందు. దారి మధ్యలోని యూక్లా పరిసరాల్లో వాళ్లు సొంతంగా పాటించే టైమ్ పెర్త్ కంటే ఇంకో 45 నిమిషాలు ముందు. అడిలైడ్ పెర్త్‌కంటే గంటన్నర ముందు. మా ఎగురుడంతా పగలే, సూర్యాస్తమయం లోపు దిగి తీరాలి. ఈ మూడు గడియారాల మధ్య ఒక గంట పొరబడితే చీకట్లో చిక్కుకుంటాం. అందుకే ప్లాన్ అంతా ఒకే అంతర్జాతీయ టైమ్‌లో రాసుకున్నాం.

దారి కూడా రోడ్డు వెంటే. రైల్వే లైను మీదున్న ఫారెస్ట్ అనే చోట మంచి రన్‌వేలు ఉన్నాయి, ఆవ్‌గ్యాస్ దొరుకుతుంది. ఆశ పుడుతుంది కానీ అది హైవేకి చాలా ఉత్తరాన ఉంది. ఇంజిన్ ఆగితే గైరోప్లేన్ తన ఎత్తుకి మూడు, నాలుగు రెట్ల దూరమే పోగలదు. 450 మీటర్ల ఎత్తున ఉంటే కిలోమీటరున్నర. ఆ లోపల లారీలు తిరిగే రోడ్డు ఉండాలి. మ్యాపు మీద దగ్గరి దారి కంటే మనుషులు తిరిగే దారే మంచిదని నా గట్టి నమ్మకం. బండా క్లిఫ్స్ అనే కొండ అంచుల దగ్గర నేల ఉన్నట్టుండి తెగి, 60 నుంచి 120 మీటర్ల కింద సముద్రం ఉంటుంది. సెప్టెంబరులో తీరానికి తిమింగలాలు కూడా వస్తాయి. ఫొటో కోసం నీళ్ల మీదికి వెళ్లాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేల వైపే ఉండాలని ముందే రాసుకున్నాం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన మాట. పోయిన ఏడాది ప్రాక్టీసుకని ఇద్దరం ఒక 200 కిలోమీటర్ల ప్రయాణం చేశాం. సగం దూరం పోయాక ఎదురుగాలి పెరిగింది. కింద రోడ్డు మీద లారీలు మమ్మల్ని దాటి పోతున్నాయి. నేను ముందు సీట్లో ఉన్నాను, వాడు వెనక ఉన్నాడు. ఇద్దరం పెట్రోల్ మట్టం చూస్తూనే ఉన్నాం. వెనక్కి తిరుగుదామా అన్న మాట నా నోటి దాకా వచ్చింది. బండి వాడిది, వాడికి నాకంటే అనుభవం ఎక్కువ, వాడే చెప్తాడులే అని ఊరుకున్నాను. ముందు సీట్లో ఉన్నది నేను కాబట్టి నాకు ధైర్యంగానే ఉన్నట్టుంది, మధ్యలో తను చెడగొట్టడం దేనికని వాడు ఊరుకున్నాడట. 40 నిమిషాలు ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. దిగేసరికి ట్యాంకులో 7 లీటర్లు ఉన్నాయి. పాతికేళ్ల స్నేహం ఉండి కూడా ఒకరి భయం ఒకరికి చెప్పలేకపోయాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిజానికి స్నేహితుడు పక్కనుంటే ప్రమాదం సగమవుతుందని అనుకుంటాం. మాట్లాడుకోకపోతే రెట్టింపవుతుంది. ఒంటరిగా ఉంటే నేను అరగంట ముందే తిరిగేవాణ్ని.

మర్నాడు పొద్దున్న టీ తాగుతుంటే వాడే అన్నాడు, "ఒరేయ్, మన పోర్టులో తుఫానుకి ఎగరేసే నంబర్లు పెట్టుకుందామా?" అని. మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. అక్టోబరు, నవంబరు వస్తే మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర మాటలన్నీ ఆ నంబర్లే. ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో ఏదో తయారవుతోందని. మూడు అంటే ఈదురుగాలుల ముప్పు రేవుకే ఉందని. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. మూడో నంబరు ఎగరేశాక ఎందుకు ఎగరేశారని రేవులో ఎవరూ వాదించరు, చెయ్యాల్సిన పని చేస్తారు. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకి ఆ నంబర్ల విలువ నేను చెప్పక్కర్లేదు.

అవే మేమూ పెట్టుకున్నాం. హెడ్‌సెట్‌లో "ఒకటి" అంటే నాకేదో తేడాగా ఉంది, నువ్వూ చూడు అని. "మూడు" అంటే వెనక్కి, లేదా దగ్గరున్న చోట కిందికి. హెడ్‌సెట్ పనిచెయ్యకపోతే అది పదకొండు. అప్పుడు భుజం మీద రెండుసార్లు తడితే మూడో నంబరే. మూడు చెప్పడానికి కారణం అక్కర్లేదు, ఒక్కరు చెప్తే చాలు. ఎందుకు చెప్పావని ఆ రాత్రి భోజనం అయ్యేదాకా రెండోవాడు అడగకూడదు. లెక్కతో వచ్చే మూడు కూడా ఉంది: సగం దూరం వెళ్లేసరికి వాడదగ్గ పెట్రోల్‌లో సగం కంటే ఎక్కువ అయిపోతే, ఎవరూ నోరు తెరవక్కర్లేకుండానే మూడు.

ఎగరడంలో ఒక జాగ్రత్త కూడా ఇలాంటిదే. గైరోప్లేన్‌లో కడుపులో తేలిపోయినట్టు అనిపించిందంటే రోటర్ మీద బరువు తగ్గిందని అర్థం. బరువు లేని రోటర్ చుట్లు కోల్పోతుంది, పోయాక తిరిగి రాకపోవచ్చు. అందుకే బండిని నడిపే కర్రని (కంట్రోల్ స్టిక్) ఎప్పుడూ గట్టిగా ముందుకి తొయ్యకూడదు. అలాంటి క్షణంలో చెయ్యి ఆలోచించి కదలదు, ముందే నేర్చుకున్నట్టు కదులుతుంది. నోరు కూడా అంతే. అందుకే ప్రాక్టీసు ఎగురుళ్లలో అవసరం లేకపోయినా ఒకసారి మూడు అని వెనక్కి తిరుగుతున్నాం. మొదటిసారి అన్నప్పుడు నాకు చాలా మొహమాటం వేసింది. నాలుగోసారికి మామూలైపోయింది.

మేం వెళ్లే రోడ్డు పేరు ఐర్ హైవే. 1841లో ఎడ్వర్డ్ జాన్ ఐర్ ఆ తీరం వెంట కాలినడకన, గుర్రాలతో దాటాడు. తోడున్న ఓవర్‌సియర్ బాక్స్‌టర్ దారిలోనే హత్యకి గురయ్యాడు. చివరిదాకా మిగిలింది ఐర్, వైలీ అనే ఆదివాసి యువకుడు, ఇద్దరే. ఇసుకలో నీళ్లు ఎక్కడ తవ్వాలో చూపించింది కూడా అక్కడి ఆదివాసులే. ఎస్పరెన్స్ దగ్గర ఒక తిమింగలాల వేట ఓడ కనిపించి తిండి పెట్టింది కాబట్టి బతికారు. జూలైలో ఆల్బనీ చేరారు. రోడ్డుకి ఐర్ పేరొక్కటే ఉంది. దానికి వైలీ పేరు కూడా ఉండాల్సిందని నాకనిపిస్తుంది.

గైరోప్లేన్‌లో ప్రపంచాన్ని చుట్టినవాళ్ల ప్రయాణాలూ చదివాను. జేమ్స్ కెచెల్ 2019లో 175 రోజుల్లో ముగించారు. నార్మన్ సర్‌ప్లస్ 2010లో ఉత్తర ఐర్లండ్‌లో బయల్దేరి 2019లో ముగించారు. థాయ్‌లాండ్‌లో ఆయన బండి చెరువులో పడింది. బాగుచేసుకుని జపాన్ చేరితే రష్యా అనుమతి రాక ఏళ్ల తరబడి ఆగిపోయారు. నాకు కెచెల్ వేగం కంటే సర్‌ప్లస్ ఓపిక మీద గౌరవం ఎక్కువ. అది చదివాకే మా ప్లాన్‌లో రోజులు పెంచాం. గంటల లెక్కన 2,700 కిలోమీటర్లకి ఆరు రోజులు చాలు. మేం పన్నెండు పెట్టుకున్నాం. తిరుగు టికెట్ మాత్రం కొనలేదు. టికెట్ తేదీ దగ్గరపడితే మూడో నంబరు చెప్పడానికి నోరు రాదు.

మ్యాపు ఆ బల్ల మీద పరిచి పెట్టాను. దూరాలు, పెట్రోల్, సూర్యాస్తమయం టైములు అన్నీ దాని మీదే ఉన్నాయి. పక్కనే పెన్సిలు కూడా ఉంది. మీరంతా లెక్కలు వచ్చినవాళ్లు, ఎక్కడైనా తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా దాని మీదే దిద్దండి. రాత్రికి ఫొటో తీసి మా వాడికి పంపిస్తాను.