వాడిది పొగరు కాదండి

అందరికీ నమస్కారమండి. గాజువాక నుంచి, కంచరపాలెం నుంచి బస్సులు మారి వచ్చిన అమ్మలకి ముందుగా థ్యాంక్స్.

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో చెవిలో మాటలు వినపడ్డం, అనుమానాలు, వీటి గురించి ఓపీలో డాక్టర్లు ఎలాగూ అడుగుతారు, నేనివాళ చెప్పేది చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాని కుర్రాడి గురించి, పెళ్ళికి తీసుకెళ్తే ఎవరి మొహం చూడకుండా మూల కుర్చీలో కూర్చుండిపోయే అమ్మాయి గురించి. పొగరనీ బద్ధకమనీ తిట్టేస్తారు మనవాళ్ళు. అది స్కిజోఫ్రీనియాలో భాగమేనండి, నెగటివ్ సింప్టమ్స్ అంటారు, అరుపులూ అనుమానాలూ తగ్గినంత తేలిగ్గా ఇవి మందులకి లొంగవు. ఎదుటివాడి మొహంలో కోపముందో నవ్వుందో మనం చిటికెలో పట్టేస్తాం, వీళ్ళలో చాలామందికి అదే కష్టం.

ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పేరు వినుంటారు, మెదడులో హైపోథాలమస్‌లో తయారవుతుంది. దీన్ని 1953లో ల్యాబ్‌లో తయారుచేసిన విన్సెంట్ డు విన్యోకి 1955లో నోబెల్ ఇచ్చారు. పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో నొప్పుల కోసం సెలైన్‌లో కలిపి ఎక్కించేది ఇదే. తల్లీబిడ్డల మమకారంలో కూడా దీనికి పాత్ర ఉందని తెలిశాక, ముక్కులో స్ప్రే కొడితే మన పిల్లలు నలుగురిలో కలుస్తారేమోనని చాలా దేశాల్లో ట్రయల్స్ చేశారు, కొన్నిట్లో కాస్త మెరుగు కనపడింది, మిగతావాటిల్లో ఏ తేడా లేదు. అందుకే ఎవరైనా లవ్ హార్మోన్ అని ఆన్‌లైన్‌లో అమ్మితే దయచేసి కొనకండి.

నాకు అసలు బాధ ప్రొలాక్టిన్ గురించి, అంటే తల్లికి పాలు పడేలా చేసే హార్మోన్ గురించి, ఎందుకంటే దీనికి మందుంది, అడిగేవాళ్ళే లేరు. మామూలుగా మెదడులోని డోపమిన్ అనే రసాయనం ఈ హార్మోన్‌ని పెరగనివ్వదు. ఈ జబ్బుకిచ్చే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ లాంటి మాత్రలు డోపమిన్‌ని అడ్డుకుంటాయి, జబ్బు తగ్గేదీ దానివల్లే, కానీ ఆ అడ్డుకోవడంతోనే ప్రొలాక్టిన్ కూడా పెరిగిపోవచ్చు. అప్పుడు ఆడపిల్లకి నెలసరి ఆగిపోతుంది, కాన్పు లేకుండానే పాలు వస్తాయి, మగపిల్లాడికి రొమ్ములు పెరుగుతాయి, భార్యాభర్తల మధ్య కోరిక పోతుంది. పాతికేళ్ళ కుర్రాడు ఛాతీ కనపడుతుందని ఆర్కే బీచ్‌కి రానంటే ఇంట్లోవాళ్ళు మళ్ళీ జబ్బు తిరగబెట్టింది అనుకుంటారు, వాడు సిగ్గుతో చచ్చిపోతుంటాడు, ఎవరికి చెప్పుకుంటాడండి? కొంతమంది ఈ బాధ పడలేకే చెప్పాపెట్టకుండా మాత్రలు మానేస్తారు, ఆపైన జబ్బు నిజంగానే తిరగబెడుతుంది.

ఆడవాళ్ళ హార్మోన్ ఈస్ట్రోజెన్ సంగతి కూడా ఒక్క మాట. ఆడవాళ్ళలో ఈ జబ్బు సగటున మగవాళ్ళకంటే కొన్నేళ్ళు ఆలస్యంగా మొదలవుతుంది, నెలసరి నిలిచిపోయే వయసులో కొత్తగా వచ్చేవాళ్ళూ ఉంటారు, ఈస్ట్రోజెన్ కొంత కాపాడుతుందేమోనని పరిశోధకుల ఆలోచన. కాబట్టి నలభై ఐదు దాటిన అమ్మకి ఉన్నట్టుండి అనుమానాలు మొదలైతే గాలి సోకిందని తిప్పకండి, చిన వాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళండి, వెళ్ళేలోపు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు.

మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ప్రొలాక్టిన్ రక్తపరీక్ష చేయించమని అడగండి, పెరిగిందని తేలితే డోసు తగ్గించడమో, మందు మార్చడమో, అరిపిప్రజోల్ అనే ఇంకో మందు కలపడమో డాక్టర్ చూస్తారు. ఆఖరి నెలసరి తేదీ ఓపీ చీటీ వెనకాల రాసుకెళ్ళండి, నోటితో చెప్పలేకపోతే ఆ చీటీయే సిస్టర్ చేతికివ్వండి. ఇక మీరడగండి, మైకు ముందుగా వెనక వరసలో ఉన్న అమ్మలకి ఇస్తున్నాం.