రిపోర్టులో 'హై' అని లేకపోతే చాలా?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇందిరా పార్కులో నడిచి, చెమట ఆరకముందే వచ్చి కూర్చున్నారు, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

కొలెస్ట్రాల్ రిపోర్టు చేతికి రాగానే ఏ అంకె పక్కన 'హై' అని ఉందో వెతుకుతాం, అది లేకపోతే మడిచి బీరువాలో పెట్టేస్తాం. మా బాబాయి కూడా అంతే. ఆయనకు స్టెంట్ వేసిన ఏడాదికి పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 98 వచ్చింది, వంద లోపుంటే మంచిదని కాగితం మీదే అచ్చయి ఉంది, ఇంట్లో అందరం సంతోషించాం, ఇక నార్మలే కదా అని ఆయన కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. ఎనిమిది నెలలకు మళ్లీ ఐసీయూ. ఆ కాగితం నేనూ చూశాను. డాక్టర్ని అయివుండి, 'మాత్ర వేసుకుంటున్నావా బాబాయ్' అని ఒక్క మాట అడగలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఆ వంద అనే హద్దు అందరికీ కలిపి అచ్చు వేసింది. గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంట్ పడినవాళ్లకు ఎల్‌డీఎల్ 55 కన్నా తక్కువ ఉండాలని గుండె డాక్టర్ల సంఘం కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది. అంటే బాబాయికి 98 చాలా ఎక్కువ.

మాత్ర సంగతి కూడా చెప్పాలి. దాన్ని స్టాటిన్ అంటారు. అది వేసుకుంటే లివర్ సొంతంగా కొలెస్ట్రాల్ తయారు చేయడం తగ్గిస్తుంది, ఆ లోటు తీర్చుకోవడానికి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లోపలికి లాక్కుంటుంది. అలా లాక్కునే రిసెప్టర్లను కనిపెట్టిన శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మాత్ర ఆపితే ఆ లాగడం తగ్గిపోతుంది, కొన్ని వారాల్లో అంకె మళ్లీ పాతచోటికే వస్తుంది. కండరాల నొప్పులొస్తే డాక్టరుకు చెప్పండి, మందో మోతాదో మారుస్తారు. మీ అంతట మీరు మానేయకండి.

ఇప్పుడు టోటల్ కొలెస్ట్రాల్. ఒకాయనకు టోటల్ 192, హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ 32, ట్రైగ్లిజరైడ్స్ అనే ఇంకో రకం కొవ్వు 240 అనుకోండి. ఒకావిడకు టోటల్ 212, హెచ్‌డీఎల్ 68, ట్రైగ్లిజరైడ్స్ 90. టోటల్ 200 దాటింది కాబట్టి టెన్షన్ పడేది ఆవిడే. కానీ టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి: ఆయనకు 160, ఆవిడకు 144. రక్తనాళాల్లో పేరుకునే సరుకంతా ఈ మిగిలిన అంకెలోనే ఉంటుంది, దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. మీ ఎల్‌డీఎల్ ఎంత లోపు ఉండాలో దానికి 30 కలిపితే దీని హద్దు వస్తుంది. హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ అనే ఆయన రకం రిపోర్టు మన దగ్గర చాలా మామూలు. నూనె పూర్తిగా మానేశానండీ అంటారు, కానీ పళ్లెం నిండా తెల్లన్నం, రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, వాటితో ఉస్మానియా బిస్కెట్లు అలాగే ఉంటాయి! ట్రైగ్లిజరైడ్స్ పెంచేది ఎక్కువగా అవే, పైగా మద్యం తోడైతే ఇంకా పెరుగుతాయి.

ఎల్‌డీఎల్‌ను చాలాచోట్ల లెక్క కట్టి వేస్తారు, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ లెక్క తప్పుతుంది, అప్పుడు నేరుగా కొలిచే 'డైరెక్ట్ ఎల్‌డీఎల్' పరీక్ష చేయమని అడగండి. మీ నాన్నకో అన్నకో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకోటి, లైపోప్రోటీన్ ఏ, దాని పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి, అది పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు.

రిపోర్టులు తెచ్చినవాళ్లు ముందు వరుసలోకి రండి, అమ్మా, మీతోనే మొదలుపెడదాం.