జెంగర్ కేసు వెనకున్న లాయరు: జేమ్స్ అలెగ్జాండర్

(తెర మీద: పాత ముద్రణాలయం. చెక్క ప్రెస్సు, అక్షరాలు పేరుస్తున్న చేతులు.)

నమస్కారమండీ. అమెరికాలో పత్రికా స్వేచ్ఛ మాటెత్తితే మొదట వినపడే పేరు జాన్ పీటర్ జెంగర్. న్యూయార్క్ ప్రింటరు. గవర్నరును ఎండగట్టిన రాతలు అచ్చేశాడని 1734 నవంబరులో జైల్లో పెట్టారు. అయితే ఆ రాతల్లో చాలావాటి వెనకున్నది జేమ్స్ అలెగ్జాండర్ అనే లాయరు. ఇవాళ ఆయన గురించే చెప్పుకుందాం.

స్కాట్లాండ్‌లో పుట్టి 1715లో అమెరికా వచ్చాడు. సర్వే పనులు చూశాడు, లాయరయ్యాడు, న్యూయార్క్, న్యూజెర్సీ రెండుచోట్లా గవర్నరు కౌన్సిల్లో కూర్చున్నాడు.

(తెర మీద: 1732)

విలియం కాస్బీ కొత్త గవర్నరుగా దిగాడు. తాను రాకముందు ఆ బాధ్యత చూసిన రిప్ వాన్ డామ్ జీతంలో సగం తనకే రావాలని దావాకెక్కాడు, అదీ జ్యూరీ లేకుండా! వాన్ డామ్ తరఫున అలెగ్జాండర్, విలియం స్మిత్ నిలబడ్డారు. కాస్బీకి వంతపాడని ప్రధాన న్యాయమూర్తి లూయిస్ మోరిస్ పదవి ఊడింది. ఊళ్లో ఉన్న ఒక్క పత్రికా సర్కారు పక్షమే. అందుకే 1733 నవంబరు 5న ‘న్యూయార్క్ వీక్లీ జర్నల్’ మొదలైంది. వెనక నిలిచింది అలెగ్జాండర్ బృందం. పత్రిక మీద పేరు మాత్రం జెంగర్‌ది.

జైలుకు పోయిందీ జెంగరే. బెయిలు 400 పౌండ్లు. పనిముట్లు, బట్టలు పోను తన ఆస్తి 40 పౌండ్లు కూడా చేయదని ప్రమాణం చేసి చెప్పాడు. వెనకున్నవాళ్లకు డబ్బుంది, అయినా కట్టలేదు. అలెగ్జాండర్ అంటే ఎంత గౌరవమున్నా ఈ ఒక్కటీ నాకు మింగుడుపడదు. జెంగర్ జైలు తలుపు కన్నంలోంచే భార్య ఆనాకు పనులు పురమాయించేవాడు. పత్రిక ఒక్క వారమే ఆగింది.

(తెర మీద: 1735)

ఏప్రిల్లో అలెగ్జాండర్, స్మిత్ అసలు జడ్జీల నియామకమే చెల్లదన్నారు. కొత్త ప్రధాన న్యాయమూర్తి జేమ్స్ డెలాన్సీ ఇద్దరి సన్నదులూ రద్దు చేశాడు. కోర్టులో నోరెత్తే హక్కు పోయినా అలెగ్జాండర్ కేసు వదల్లేదు. తాను సిద్ధం చేసిన వాదనను ఫిలడెల్ఫియా లాయరు ఆండ్రూ హామిల్టన్ చేతికిచ్చాడు. ఆగస్టు 4న హామిల్టన్ లేచి, అచ్చేసింది జెంగరే, అందులో అబద్ధమేదో చూపించండి అన్నాడు. అప్పటి చట్టంలో నిజమైనా సరే, ప్రభుత్వాన్ని నిందిస్తే నేరమే. డెలాన్సీ అదే అన్నాడు. జ్యూరీ కాసేపటికే తిరిగొచ్చి నిర్దోషి అని తేల్చింది.

దాంతో చట్టమేమీ మారలేదు. సదుద్దేశంతో నిజం రాస్తే నేరం కాదని న్యూయార్క్ చట్టం చేసింది 1805లో. అలెగ్జాండర్ మాత్రం విచారణంతా కూర్చి 1736లో జెంగర్ ప్రెస్సులోనే పుస్తకం వేయించాడు. అది లండన్‌లోనూ అచ్చయింది. ఆ రోజు కోర్టులో ఎవరేమన్నారో మనకు తెలిసింది దానివల్లే.