గేర్‌బాక్స్ యూనిట్ మార్చాలన్నారా? ఒప్పుకునే ముందు ఇది చూడండి | ఓబీడీ స్కానర్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు రివ్యూ నా చేతిలో ఉన్న ఈ చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ గురించి. ఓబీడీ అంటే కారు తన లోపాలని తానే కనిపెట్టి నమోదు చేసుకునే ఏర్పాటు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దీన్ని అందులో పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే, కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పులు మనకే కనిపిస్తాయి. వారంటీ అయిపోయిన కారు నడిపే ప్రతి ఒక్కరి దగ్గరా ఇది ఉండాలని గట్టిగా చెబుతాను. ఎందుకో నా కారు మీదే చూపిస్తా.

నాది ఆటోమేటిక్. పొద్దున్నే స్టార్ట్ చేసి కాస్త దూరం వెళ్ళగానే మీటర్‌లో గేర్ గుర్తు వెలిగి ఆరేది, కారు ఒకే గేర్‌లో ఉండిపోయేది. దీన్నే లింప్ మోడ్ అంటారు. గేర్‌బాక్స్‌కి ఇంకా నష్టం జరగకుండా కంప్యూటర్ వేసే కట్టడి అది. ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే అంతా మామూలే. డీలర్ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ముందు "బానే ఉంది సార్, మాకేం రాలేదు" అని పంపేశారు. తర్వాత వెళ్ళినప్పుడు ఏకంగా గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్, అంటే గేర్లు మార్చే కంప్యూటర్, మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఆ అంకె చూసి గుండె గుభేలుమంది. అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది దాని కింద రాసిన మాట: మార్చాక సమస్య పోతుందని గ్యారంటీ లేదు, ఎలక్ట్రికల్ పార్ట్ వెనక్కి తీసుకోరు. అంటే వాళ్ళ అంచనా తప్పయినా డబ్బు పోయేది మనదే.

నేను ఒక్కటే అడిగాను. "ఏ టెస్ట్ చేసి ఈ యూనిట్ పోయిందని తేల్చారు?" "కంప్యూటర్‌లో ఎర్రర్ వచ్చింది సార్" అన్నారు. అది టెస్ట్ కాదండీ. అసలు విషయం ఇక్కడే ఉంది, కాస్త జాగ్రత్తగా వినండి.

ఆ ఎర్రర్ ఒక కోడ్ రూపంలో నమోదవుతుంది. కోడ్ అనేది ఏ పార్ట్ పోయిందో చెప్పదు. ఎక్కడ లెక్క కుదరలేదో చెబుతుంది, అంతే. ఉదాహరణకి పీ0420 చాలామందికి వస్తుంది. పొగలోని హానికర వాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తున్నట్టు లేదని దాని అర్థం. వెంటనే కన్వర్టర్ మార్చేయమంటారు, అది బాగా ఖరీదైన పార్ట్. కానీ సైలెన్సర్ పైపులో లీక్ ఉన్నా, ఆక్సిజన్ సెన్సార్ తప్పు చెప్పినా అదే కోడ్ వస్తుంది. కొన్నిసార్లు కన్వర్టర్ నిజంగానే పోయి ఉంటుంది, కాదనను. కానీ ఇంజిన్ మిస్‌ఫైర్ వల్ల, అంటే లోపల ఇంధనం సరిగ్గా మండకపోవడం వల్ల పోతే, ఆ మిస్‌ఫైర్ సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది.

ఇప్పుడు నా కారుకి వద్దాం. స్క్రీన్ మీద చూడండి. రెండు కోడ్స్ ఉన్నాయి. యూ0101, అంటే గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌తో మాట కలవడం లేదు. దాని పక్కనే పీ0562, అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువగా ఉంది. ఎస్టిమేట్‌లో మొదటిదాని ప్రస్తావనే ఉంది, రెండోది లేదు. ఇప్పుడు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరుద్దాం. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ దాచుకునే రికార్డు ఇది. కూలెంట్ ఇంకా చల్లగా ఉంది, స్పీడ్ సున్నా. అంటే గేర్ పడకముందే, స్టార్ట్ చేసిన వెంటనే ఏదో జరిగింది. స్టార్టర్ మోటార్ కరెంట్ బాగా లాగేది అప్పుడే. మరి కరెంట్ సరిగ్గా అందని యూనిట్ మాట్లాడకపోతే తప్పు యూనిట్‌దేనా?

అందుకే వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ తీశాను. డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, ఇంకోటి గేర్‌బాక్స్ బాడీ మీద ఆనించి, పక్కన ఒకరిని స్టార్ట్ చేయమన్నాను. ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ని కారు లోహానికి కలిపే కనెక్షన్, బాగుంటే ఆ సమయంలో అర వోల్ట్ కూడా రాకూడదు. నాకు ఒక వోల్ట్ దాటింది. బ్యాటరీ ట్రే తీసి చూస్తే, ఇదిగో, ఎర్త్ స్ట్రాప్ బోల్ట్ చుట్టూ పచ్చగా చిలుము. వైర్ పైకి బాగానే ఉంది, కొసన రాగి పోగులు పొడి పొడిగా రాలుతున్నాయి. కొత్త స్ట్రాప్ వేసి, బోల్ట్ కూర్చునే చోట లోహం మెరిసేదాకా గీకి బిగించాం. అప్పటినుంచి ఆ లింప్ మోడ్ మళ్ళీ రాలేదు. మీరు చేసేటప్పుడు గేర్ పార్క్‌లో, హ్యాండ్‌బ్రేక్ పైకి ఉండాలి. ఇంజిన్ తిరిగేటప్పుడు బెల్టుల దగ్గర చేతులు పెట్టకండి. స్ట్రాప్ విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

డీలర్లందరూ మోసగాళ్ళని నేను అనను. వారంటీలో ఉన్న పనికి వాళ్ళకి డబ్బు ఇచ్చేది కంపెనీ. కోడ్ లేకుండా, సమస్య కళ్ళముందు కనిపించకుండా ఆ క్లెయిమ్ పాస్ అవ్వడం కష్టం. అందుకే అప్పుడప్పుడు వచ్చే సమస్యకి "ఏం లేదు" అనడం వాళ్ళకి సులువు. కానీ తప్పు మన డ్రైవింగ్ మీదకి నెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. ఇది పెద్ద ఎత్తున జరిగింది కూడా. పవర్‌షిఫ్ట్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న ఫోర్డ్ ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్ల ఫిర్యాదులతో వ్యవహరించిన తీరుకు 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు అక్కడి ఫోర్డ్ సంస్థకి 1 కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కారు వణకడానికి మీ డ్రైవింగే కారణమని కొందరు కస్టమర్లకి చెప్పారు. లోపాలు ఉన్నాయని కంపెనీకి అప్పటికే తెలుసు.

కాబట్టి సర్వీస్ సెంటర్‌కి వెళ్ళే ముందు కోడ్స్, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. కోడ్స్ క్లియర్ చేస్తే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, అందుకే మీరు తొందరపడి క్లియర్ నొక్కకండి, వాళ్ళనీ ముందే నొక్కొద్దనండి. సమస్య వచ్చినప్పుడు వీడియో తీయండి. జాబ్ కార్డులో "గేర్ సమస్య" అని రాస్తే సరిపోదు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏ స్పీడ్‌లో, ఏ లైట్ వెలిగింది అన్నీ రాయించండి. ఎస్టిమేట్ ఇస్తే, యూనిట్‌కి పవర్, ఎర్త్ చెక్ చేశారా, రీడింగ్ ఎంత వచ్చిందో కాగితం మీద ఇవ్వమనండి. నిజంగా చెక్ చేసినవాళ్ళు వెంటనే ఇస్తారు. మీ మోడల్‌కి కంపెనీ పంపిన టెక్నికల్ సర్వీస్ బులెటిన్, అంటే తెలిసిన సమస్యని ఎలా సరిచేయాలో వర్క్‌షాప్‌లకి ఇచ్చే సూచన, ఏదైనా ఉందేమో కూడా అడగండి. అమెరికాలో అమ్మే మోడల్స్ బులెటిన్లు అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. బులెటిన్ ఉన్నంత మాత్రాన ఉచితంగా చేయరు, అది రీకాల్ కాదు. కానీ వారంటీ ఈమధ్యే అయిపోయుంటే, ఆ కాగితం చూపించి గుడ్‌విల్ కింద, అంటే బాధ్యత లేకపోయినా మంచితనంగా, ఖర్చులో వాటా భరించమని నేరుగా కంపెనీకే రాయొచ్చు.

ఇక స్కానర్ లోపాలు. మామూలు యాప్‌తో ఇది చదివేది ముఖ్యంగా ఇంజిన్ కంప్యూటర్‌నే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ లోపలి కోడ్స్ కావాలంటే మీ బ్రాండ్‌కి పనిచేసే యాప్ గానీ, ఇంకాస్త ఖరీదైన స్కానర్ గానీ కావాలి. చౌక నకళ్ళలో కొన్ని కనెక్ట్ అవుతాయి కానీ మధ్యలో తెగిపోతాయి, వెనక్కి ఇచ్చే అవకాశం ఉన్నచోటే కొనండి. సాకెట్‌లో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంట్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, కాబట్టి పని అయ్యాక స్కానర్ పీకేయండి. లేదంటే రోజుల తరబడి ఆపిన కారులో బ్యాటరీ దిగిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ లైట్, బ్రేక్ లైట్ వెలిగితే మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, నేరుగా వర్క్‌షాప్‌కే తీసుకెళ్ళండి.