ఇంతకీ ఇది పాడింది ఎప్పుడు?

(పాత పాటల శ్రోతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, శనివారం సాయంత్రం ఇంటి పనులు పక్కన పెట్టి ఈ లైబ్రరీ హాలుకు వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. నాకంటే ముందు మాట్లాడినవారు కృతజ్ఞతలు చెప్పవలసిన వారందరికీ చెప్పేశారు కనుక ఆ పని నేను మళ్ళీ చేయను. నాకిచ్చిన అంశం 1960ల తొలినాళ్ళ అమెరికన్ కుర్రకారు గాయకులని ఆహ్వానపత్రంలో వేశారు. అంత పెద్ద విషయాన్ని 20 నిమిషాల్లో ఇమడ్చడం నా వల్ల అయ్యే పని కాదు. మనం ఉంటున్న ఈ ఫిలడెల్ఫియాలోనే పుట్టి పెరిగిన ఒక్క గాయకుడి గురించి, నిజం చెప్పాలంటే అతని పేరుతో వచ్చిన రెండు సీడీల గురించి మాత్రమే మాట్లాడతాను. ఆ రెండూ నా సంచిలోనే ఉన్నాయి.

ఆ గాయకుడు బాబీ రైడెల్. అసలు పేరు రాబర్ట్ రిడరెల్లి. 1942 ఏప్రిల్ 26న దక్షిణ ఫిలడెల్ఫియాలోని ఇటాలియన్ కుటుంబంలో పుట్టాడు. డ్రమ్ములు వాయించడంలో, జాజ్ డ్రమ్మర్ జీన్ క్రూపా అంతటివాడు కావాలని చిన్నప్పుడే కలలు కన్నాడు. పాల్ వైట్‌మన్ టీవీ కార్యక్రమంలో పిల్లవాడుగా పాడుతున్న రోజుల్లోనే ఇంటిపేరు కత్తిరించి రైడెల్ అయ్యాడు. తరువాత రాకో అండ్ ది సెయింట్స్ అనే బృందంలో అతను డ్రమ్ములు వాయిస్తుంటే, ఆ పేటవాడే అయిన, తరువాత గాయకుడుగా పేరు తెచ్చుకున్న ఫ్రాంకీ అవలాన్ ట్రంపెట్ ఊదేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కాలపు కుర్ర గాయకులందరినీ "మొహం బాగుంటే మైకు ఇచ్చారు" అని ఒక్క మాటతో కొట్టిపారేసే అలవాటు సంగీత విమర్శకుల్లో ఇప్పటికీ ఉంది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు గాని, తాళం చేతిలో ఉండి గొంతు విప్పినవాడిని ఆ గాటన కట్టడం అన్యాయం.

రాక్ అండ్ రోల్ గాయకుల్లో ఎల్విస్ ప్రెస్లీ 1958లో సైన్యంలోకి వెళ్ళాడు. బడీ హాలీ 1959 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్ళే ఈ కుర్రవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఫిలడెల్ఫియా వాళ్ళు కావడానికి కారణం మార్కెట్ వీధిలోని టీవీ స్టూడియో. బడి వదిలిన పిల్లలు సాయంత్రాలు అక్కడ చేరి రికార్డులకు డ్యాన్సు చేస్తే, డిక్ క్లార్క్ ఆ కార్యక్రమాన్ని 1957 ఆగస్టు నుంచి దేశమంతటికీ చూపించాడు. అదే అమెరికన్ బ్యాండ్‌స్టాండ్. ఆ హాలులోకి నల్లజాతి పిల్లలకు చోటు దొరకడం ఎంత కష్టమయ్యేదో చరిత్రకారులు రాశారు. దాని మీద మరొక రోజు విడిగా సభ పెట్టుకోవాలి. ఇదే ఊళ్ళో బెర్నీ లోవ్, కాల్ మన్ నడిపిన క్యామియో కంపెనీ రికార్డులు కొట్టడం, ఆ స్టూడియోలో పిల్లలు వాటికి ఆడటం, మరునాటికి దేశంలోని దుకాణాల్లో అవి అమ్ముడవడం, ఇదీ వరస.

1959లో 'కిస్సిన్ టైమ్'తో రైడెల్ పేరు బయటికి వచ్చింది. 1960లో 'వైల్డ్ వన్' అమెరికా హిట్ పాటల పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. అదే ఏడు, ఇటలీలో మొదున్యో పాడిన 'వొలారే'ను తన పద్ధతిలో పాడి నాలుగో స్థానానికి తీసుకువెళ్ళాడు. ఇక్కడ ఒక తమాషా గమనించండి. 1961లోనే, కుర్రవాడికి సరిగా 20 ఏళ్ళు కూడా నిండకముందే, క్యామియో వారు అతని "అతి పెద్ద హిట్లు" అంటూ ఎల్పీ రికార్డు విడుదల చేశారు. మన దగ్గర "ఆణిముత్యాలు" అన్న మాట అట్ట మీదికి ఎక్కాలంటే గాయకుడు ముసలివాడైనా కావాలి, లేక పోయి అయినా ఉండాలి. వాళ్ళకు రెండేళ్ళు చాలాయి. వేడి ఆరకముందే అమ్ముకోవాలన్న తొందర అందులో ఉంది. అయినా ఆ తొందర వల్ల ఒక మేలు జరిగింది. ఆ ఎల్పీలో ఉన్నది ఆ కుర్రవాడి ఆనాటి గొంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను 1997లో ఈ ఊరు వచ్చాను. మా పక్కింట్లో ఒక ఇటాలియన్ పెద్దావిడ ఉండేవారు. మా ఆవిడకు ఒంట్లో బాగాలేనప్పుడు వారం రోజులు మాకు వంట చేసిపెట్టిన మనిషి. ఆవిడ పెరిగింది దక్షిణ ఫిలడెల్ఫియాలో. ఇప్పుడు ఒక భాగానికి రైడెల్ పేరు పెట్టిన 11వ వీధికి రెండు వీధుల అవతల. మాటల్లో నాలుగుసార్లయినా "మా బాబీ" అనేవారు. 1999 క్రిస్మస్‌కు ఏమి ఇవ్వాలా అని ఆలోచించి, ఒక దుకాణంలో కనబడిన బాబీ రైడెల్ హిట్ల సీడీ కొన్నాను. అట్ట మీద 1960 నాటి ఫోటో, ఎత్తుగా దువ్విన జుట్టు, పెద్ద నవ్వు.

ఆవిడ సంబరపడి, మా అందరి ఎదుట 'వైల్డ్ వన్' పెట్టించారు. వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తున్నారు. పది క్షణాలు గడిచేసరికి ఆ వేళ్ళు పాటకంటే ముందుకు పోయాయి. ఆగి, మళ్ళీ అందుకున్నారు. మళ్ళీ తప్పింది. అప్పుడు ఆవిడ నా వంక చూసి, "ఈ పాడుతున్నది మావాడు కాదు నాయనా, మావాడి తండ్రి" అన్నారు. నేను అట్ట చూపించాను. ఆవిడ లోపలికి వెళ్ళి, పాత 45 ఆర్‌పీఎం రికార్డు తెచ్చి ప్లేయర్ మీద పెట్టారు. రెండో చరణంలో గీత పడినచోట ముల్లు ఎగిరింది. ఆవిడ వేళ్ళు కూడా అక్కడే, సరిగా అంతే ఎగిరాయి.

నేను సిగ్గుపడి ఇంటికి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని సీడీ వెనకవైపు చదివాను. మన భూతద్దానికి మాత్రమే అందే అక్షరాల్లో, ఇవి మూల గాయకుడే కొత్తగా పాడిన స్టీరియో రికార్డింగులని ఉంది. అంటే పాడినవాడు రైడెలే. 1995లో, 53 ఏళ్ళ వయసులో, తన 18 ఏళ్ళ నాటి పాటలను మళ్ళీ పాడాడు. ఫోటో మాత్రం 18 ఏళ్ళది.

చాలాకాలం నేను ఆ గాయకుడి మీద కోపం పెట్టుకున్నాను. తరువాత తెలిసింది, కోపం పెట్టుకోవలసింది అతని మీద కాదని. పాట రాసినవారి హక్కు ఒకటి, టేపు మీద ముద్రపడిన శబ్దం మీద హక్కు మరొకటి. ఆ రెండోది కంపెనీది, గాయకుడిది కాదు. 1967లో ఆ క్యామియో కంపెనీయే, అప్పటికి క్యామియో పార్క్‌వే, సంగీత వ్యాపారి అలెన్ క్లైన్ చేతికి వెళ్ళింది. ఆ తరువాత దశాబ్దాల పాటు ఆ అసలు టేపులు సీడీలుగా బయటికి రాలేదు. ఊరూరా తిరిగి పాడుతూనే ఉన్న గాయకుడు, 1985 నుంచి అవలాన్‌తో, ఈ ఊరి మరో కుర్ర గాయకుడు ఫేబియన్‌తో కలిసి 'గోల్డెన్ బాయ్స్'గా వేదికలెక్కిన గాయకుడు, కచేరీ అయ్యాక "మీ పాటలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగిన అభిమాని చేతిలో ఏమి పెడతాడు? తన గొంతు తనకే దొరకనప్పుడు మళ్ళీ పాడక ఏమి చేస్తాడు? కనుక పాడినందుకు తప్పు పట్టను. పాత ఫోటో వేసి, అసలు సంగతిని చీమ అక్షరాల్లో దాచినవారిని మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు.

ఈ మోసం మనకు కొత్త కాదు. విజయవాడ బస్టాండులో మా నాన్నగారు ఘంటసాల పాటలని ఒక క్యాసెట్ కొన్నారు. అట్ట నిండా ఘంటసాలవారి బొమ్మే. ఇంటికి వచ్చి వింటే మరెవరో పాడారు. నాన్నగారు క్యాసెట్ తీసి, బొమ్మ కనిపించకుండా అట్ట తిప్పి పెట్టారు. రైడెల్ సీడీలో కనీసం రైడెల్ ఉన్నాడని మీరు అనవచ్చు. నేనూ కొంతకాలం అలాగే సరిపెట్టుకున్నాను. కాని బల్ల మీద ఆవిడ వేళ్ళు గుర్తుకు వచ్చినప్పుడల్లా ఆ సమాధానం నిలబడటం లేదు.

2005లో ఆ తలుపు తెరుచుకుంది. క్యామియో పార్క్‌వే టేపుల నుంచి తీసిన 1959–1964 నాటి రైడెల్ పాటల సంకలనం వచ్చింది. అందులో 'ఫర్గెట్ హిమ్' కూడా ఉంది. లండన్‌లో టోనీ హాచ్ రాసి, రికార్డు చేయించిన ఆ పాట 1964 జనవరిలో నాలుగో స్థానానికి వచ్చింది. మరుసటి నెలలోనే ఇంగ్లండు నుంచి బీటిల్స్ బృందం అమెరికాలో దిగింది, ఇలాంటి కుర్రవాళ్ళ రోజులు ముగిశాయి. అప్పటికి మా పెద్దావిడ కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళిపోయారు. సీడీ పోస్టులో పంపాను. ఫోన్ చేసి, ఫోను పక్కన ప్లేయర్ పెట్టి, పాట మొత్తం నాకు వినిపించారు. వేళ్ళ చప్పుడు నాకు వినబడింది. రైడెల్ 2022 ఏప్రిల్ 5న, 80 నిండడానికి మూడు వారాల ముందు పోయాడు. ఆవిడ అంతకు ముందే పోయారు.

మన సంఘంలో కొందరు మిత్రులు పాత తెలుగు పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. వారిని చేతులు జోడించి అడుగుతున్నాను. ఫైలు పేరులో గాయకుడి పేరుతో ఆగకండి. ఏ సంవత్సరం రికార్డు నుంచి తీశారో, గ్రామఫోను రికార్డు నుంచా, తరువాతి క్యాసెట్ నుంచా, వేదిక మీద పాడినదా రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. ఇవాళ ఫోనులో ఏ పాత పాట వెతికినా అసలుదీ, మళ్ళీ పాడినదీ పక్కపక్కనే వస్తాయి. పైది నొక్కే మనవడికి తేడా ఎవరు చెబుతారు?

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. చివరి కోరిక ఒక్కటే. రెండు సీడీలూ తెచ్చాను. 'వైల్డ్ వన్' రెండుసార్లు పెడతాను. ఏది ముందో చెప్పను. దయచేసి లైట్లు కొంచెం తగ్గించి, అందరూ చేతులు బల్లల మీద పెట్టుకోండి.