థైరాయిడ్‌కి మొక్కల కాంపౌండ్లు: డాకింగ్ స్కోర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

నమస్తే అండి. ఔషధ మొక్కల్లోని కాంపౌండ్లలో థైరాయిడ్ సమస్యకు ఏవి పనికొచ్చేలా ఉన్నాయో కంప్యూటర్ మీద ఎలా వడపోయాలో ఇవాళ చేసి చూద్దాం. ఒక అణువు ప్రొటీన్‌లో ఎలా కూర్చుంటుందో, ఎంత గట్టిగా అతుక్కుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడమే డాకింగ్. ఆ అంచనాకి వచ్చే అంకె డాకింగ్ స్కోర్, ఎంత మైనస్ అయితే అంత గట్టిగా అతుక్కుంటుందని అర్థం.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒకటి తేల్చుకోండి. మీరు చూస్తున్నది హైపర్ థైరాయిడా, హైపోనా? హైపర్ అయితే హార్మోన్ తయారీని తగ్గించాలి. అందుకు టార్గెట్ థైరాయిడ్ పెరాక్సిడేజ్, అంటే టీపీఓ ఎంజైమ్. మెథిమజోల్ మందు అడ్డుకునేది దీన్నే. హైపో అయితే హార్మోన్ చేసే పని జరగాలి, కాబట్టి హార్మోన్ రిసెప్టర్, అంటే కణంలో హార్మోన్ అతుక్కుని పని చేయించే ప్రొటీన్ దగ్గరికి వెళ్తాం. ఈ తేడా చిన్నది కాదు. సోయాలోని జెనిస్టీన్ టీపీఓని అడ్డుకుంటుంది. దాన్ని "థైరాయిడ్‌కి మంచిది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే హైపో ఉన్నవాళ్లకు చేటు చేసినట్టే.

మనం హైపో తీసుకుందాం. ప్రొటీన్ల 3డీ నిర్మాణాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో 3జీడబ్ల్యూఎస్ అని వెతకండి. థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ బీటా ఇది, లోపల టీ3 హార్మోన్ కూడా ఉంటుంది. టీ3ని విడిగా సేవ్ చేసుకుని, నీటి అణువులు తీసేసి, హైడ్రోజన్లు కలపండి. టీ3 ఉన్న చోటే గ్రిడ్ బాక్స్, అంటే సాఫ్ట్‌వేర్ వెతకాల్సిన హద్దు, పెట్టండి.

ఇక్కడ తొందరపడొద్దు. మొక్కల కాంపౌండ్ల కంటే ముందు ఆ టీ3నే ఆటోడాక్ వినా అనే డాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ డాక్ చేయండి. వచ్చిన పోజ్‌ని, అంటే అణువు కూర్చున్న తీరుని, అసలు టీ3తో పోల్చితే ఆర్‌ఎంఎస్‌డీ (రెండింటి పరమాణువుల మధ్య సగటు దూరం లాంటి కొలత) 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉండాలి. ఇదిగో, జూమ్ చేస్తున్నాను. ఈ చివర హైడ్రాక్సిల్ హిస్టిడిన్ 435 పక్కన ఉంది, ఆ చివర కార్బాక్సిల్ ఆర్జినిన్ల వైపు ఉంది. మీ దగ్గర ఇది తిరగబడితే స్కోర్ ఎంత బాగున్నా లెక్కలోకి తీసుకోకండి, ముందు బాక్స్ సరిచేయండి.

ఇప్పుడు మన కాంపౌండ్లు. భారతీయ ఔషధ మొక్కల ఇంపాట్ డేటాబేస్‌లో మొక్క పేరు కొడితే కాంపౌండ్ల జాబితా వస్తుంది. నోటితో వేసుకునే మందుగా పనికొస్తుందా అని చూసే లిపిన్‌స్కీ రూల్ ప్రకారం అణుభారం 500 దాటకూడదు. అయితే టీ3 బరువే 651, మూడు అయోడిన్లు ఉన్నాయి కదా! అందుకే ఆ ఒక్క కారణంతో దేన్నీ కొట్టేయకండి.

డాకింగ్ అయ్యాక ఎక్కువ మైనస్ వచ్చినదాన్ని పైన పెట్టేస్తుంటారు. కానీ పరమాణువులు ఎక్కువున్న అణువుకి స్కోర్ ఊరికే పెరుగుతుంది, కాబట్టి సైజుతో కలిపి చూడండి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. కాంపౌండ్ రిసెప్టర్‌లో అతుక్కుంటుందని మాత్రమే స్కోర్ చెబుతుంది. అతుక్కుని రిసెప్టర్‌ని పని చేయిస్తుందా, ఆపేస్తుందా అన్నది చెప్పదు. ఆపేసేదైతే హైపో ఇంకా ముదురుతుంది.

ఆల్ఫా రకం రిసెప్టర్‌లో కూడా డాక్ చేయండి, గుండె మీద హార్మోన్ ప్రభావం ఎక్కువగా దాని ద్వారానే ఉంటుంది. ఇబ్బంది ఏంటంటే, హార్మోన్ కూర్చునే చోట రెండింటికీ తేడా ఒక్క అమైనో ఆమ్లమే: బీటాలో ఆస్పరజీన్ 331, ఆల్ఫాలో సెరిన్ 277. స్కోర్లలో కొద్దిపాటి తేడా కనబడితే ఇది బీటాకే పనిచేస్తుందని రాసేయకండి. మిగిలిన నాలుగైదు కాంపౌండ్లకు మాలిక్యులర్ డైనమిక్స్, అంటే అణువుల కదలికల్ని కంప్యూటర్‌లో అనుకరించడం, నడిపి, అక్కడ కూడా నిలబడినవాటిని కణాల మీద పరీక్షకు పంపండి. రిసెప్టర్ ఆన్ అయిందో ఆఫ్ అయిందో అక్కడే తెలుస్తుంది. అప్పటిదాకా ఈ జాబితా చూసి ఎవరూ వేసుకుంటున్న మాత్రలు ఆపొద్దు.