కాశీలో మన తైలంగ స్వామి

సభకు నమస్కారం.

సన్యాసుల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే చాలామందికి కుంభమేళాలో బూడిద పూసుకున్న నాగ సాధువులు గుర్తొస్తారు. నేను మాత్రం మన విజయనగరం వైపు నుంచి కాశీ చేరిన ఒక్కాయన గురించే చెబుతాను. ఆయన తైలంగ స్వామి. పంచగంగా ఘాట్ దగ్గర ఆయన మఠం మీలో కొందరు చూసే ఉంటారు.

అసలు సన్యాసం పుచ్చుకోవడమంటే కాషాయం కట్టేసుకోవడం అనుకుంటాం. దానికి ముందు చాలా తతంగం ఉంది. పితృదేవతలతో పాటు తనకు తనే పిండం పెట్టుకోవాలి. అగ్నితో చేసే ఆఖరి కర్మగా విరజా హోమం చేయాలి. శిఖ, జంధ్యం తీసేయాలి. ‘సన్న్యస్తం మయా’ అని మూడుసార్లు పలికి, నా వల్ల ఏ ప్రాణికీ భయం లేదని మాటివ్వాలి. ఇక ఇంటివాళ్ల లెక్కలో ఆ మనిషి పోయినట్టే. గురువు కొత్త పేరు పెడతాడు. శంకరుల సంప్రదాయంలో దాని చివర గిరి, పురి, భారతి, సరస్వతి లాంటి పదింటిలో ఒకటి చేరుతుంది. దశనాములు అనేది అందుకే.

మన స్వామి పూర్వాశ్రమంలో శివరాముడు. తల్లి పోయాక శ్మశానం దగ్గరే ఉండిపోయి ఏళ్ల తరబడి సాధన చేశారని జీవిత చరిత్రలు చెబుతాయి. సన్యాసంలో ఆయన పేరు గణపతి సరస్వతి. ఆ పేరు మీలో ఎంతమంది విన్నారు? కాశీ జనం ‘తైలంగ’ అనే పిలిచారు, అంటే తెలుగుదేశం వాడు అని. పేరు, బట్ట, చివరికి మాట కూడా వదిలేసిన మనిషిని పుట్టిన నేల మాత్రం వదల్లేదు! తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

బట్ట సంగతికొస్తే, మన పాత గ్రంథాల్లో సన్యాసులు నాలుగు రకాలు: కుటీచకుడు, బహూదకుడు, హంస, పరమహంస. పరమహంసకు దండం, కమండలం కూడా అక్కర్లేదు. ఇంగ్లీషు దొరల పోలీసులకు ఇదంతా ఎవరు చెబుతారు? దిగంబరంగా తిరుగుతున్నారని లోపల వేస్తే, కాసేపటికి జైలు కప్పు మీద కనిపించారని ఒక కథ. 280 ఏళ్లు బతికారని ఇంకో మాట. వీటిని నమ్మమని మిమ్మల్ని నేను అడగను.

రామకృష్ణ పరమహంస కాశీ వచ్చినప్పుడు ఆయన్ని చూడ్డానికి వెళ్లారు, పాయసం తినిపించారు. దేవుడు ఒక్కడా, అనేకమా అని సైగతో అడిగారు. మౌనంలో ఉన్న స్వామి సైగతోనే చెప్పారు: సమాధిలో ఒక్కడే, నేను నువ్వు అనే తేడా ఉన్నన్నాళ్లూ అనేకం. మనం గంటలకొద్దీ ప్రసంగాలు పెట్టుకుంటున్నాం చూడండి!

1887లో పోయారు. అగ్నిని ముందే వదిలేసిన సన్యాసికి చితి ఉండదు కాబట్టి దేహాన్ని గంగలో విడిచారు. శ్రాద్ధం సంగతంటారా, అదెప్పుడో ఆయనే పెట్టేసుకున్నారు.